నలభై దాటని బండి

మామయ్య ఆ మోటార్‌సైకిల్ మీద వెళ్లి తిరిగి రాకపోతే ఎలా అన్నదే కోడలి అసలు భయం. ఆయన తన పెళ్లినాటి బండికి ఆర్నెల్లు కష్టపడి కొత్త ప్రాణం పోసి, ఆ ఉదయం గేటు దాకా తెచ్చాడు. చంకలో పిల్లతో ఆమె అడ్డంగా నిలబడింది.

"ఇదివరకే నయం కదా మామయ్యా. పాపం, మెల్లగా పోయేది."

"మెల్లగా పోయే కదమ్మా, పిల్లకి జ్వరమొచ్చిన రోజు ఆస్పత్రి దారిలో ఎత్తు ఎక్కలేక చతికిలబడింది! అరమైలు నువ్వు పిల్లనెత్తుకుని పరిగెత్తావు. నేను వెనక బండి తోసుకుంటూ చూశాను."

"అందుకని ఇంజన్‌లో ఇంత పెద్ద పిస్టనా?"

"కార్బురేటరూ మార్చా. కానీ వాటికంటే ముందు బ్రేకులు మార్చా. ఆగడం రాని బండికి పరుగు నేర్పకూడదు."

"మరి మీకెవరు నేర్పుతారు ఆగడం?"

ఆయన నవ్వాడు. "కొత్త పిస్టన్ కుదురుకోవాలి. ఐదువందల కిలోమీటర్ల దాకా వేగం నలభై దాటకూడదులే."

"ఆ తర్వాతో?"

"పిస్టన్‌కి రింగులు మార్చేస్తా, అవీ కుదురుకోవాలిగా. మళ్లీ ఐదువందలు, మళ్లీ నలభై. నీ భయం తగ్గేదాకా నాకిదే పని."

"చాల్లెండి," అంటూనే ఆమె పక్కకు జరిగి, ఆయన హెల్మెట్ పట్టీ ఒంటిచేత్తో తనే బిగించింది.

"ఎత్తు ఎక్కి చూసి గంటలో వచ్చేస్తా."

గంట దాటింది. ఆస్పత్రి దారిలో పచ్చరంగు పాత బండి మీద, నలభై దాటకుండా వెళ్లే తెల్లమీసాల పెద్దాయన మీకెదురైతే, ఆపి ఒక్కసారి బాగున్నారా అని అడగండి. కోడలు అడగమందని మాత్రం చెప్పకండి.