నూట నాలుగు మీటర్లు

సెలవుల తర్వాత బడి తెరిచిన రోజే ప్రధానోపాధ్యాయురాలు మునిసిపల్ ఆఫీసుకొచ్చి గుమాస్తా బల్ల ముందు నిలబడింది.

“బడి గేటుకి వంద మీటర్లలోపు మద్యం షాపు ఉండకూడదు కదయ్యా?”

“లేదుగా మేడమ్! టేపు పట్టి నేనే కొలిచాను. నూట నాలుగొచ్చింది.”

“మా గేటుకి ఎదురుగానే ఉంటే నూట నాలుగెలా వస్తుంది?”

“సెలవుల్లో ఆ గేటు తీసేసి గోడ కట్టేశాం కదండీ. కొత్త గేటు వెనక సందులో పెట్టాం. అంతా రూలు ప్రకారమే!”

“షాపు కదలనంటే బడి మొహం తిప్పేస్తారా? సిగ్గుండక్కర్లా?”

“పైవాళ్లు కొలవమన్నారు, కొలిచాను. నామీద అరిస్తే ఏం లాభం?”

“సరే, అరవను. పొద్దున మీ పాప ఆ గోడ ముందు నిలబడి గేటేదని ఏడుస్తుంటే, షాపు మెట్ల మీద తాగి కూర్చున్నవాడొకడు చెయ్యి పట్టుకుని కొత్త గేటుదాకా నడిపించుకొచ్చాడు. మీరు కొలిచిన నూట నాలుగు మీటర్లూ!”