తడమడం మానేసిన చేతులు

(పొద్దున్న. వంటింటి గుమ్మం దగ్గర పీట మీద కూతురు, వెనక స్టూలు మీద తల్లి. స్నానాల గదిలోంచి అప్పుడప్పుడు తండ్రి గొంతు.)

“కదలకే. కదిలితే పాపిడి వంకర పోతుంది.”

“పోతే పోనీ. జుట్టు పైకెత్తి దువ్వు, అమ్మా. మెడ దగ్గర చిక్కులున్నాయి.”

“ఏం చిక్కుల్లేవు, పట్టు కుచ్చులా ఉంది. ఈ జుట్టు మళ్లీ మొలుస్తుందా మొలవదా అని ఎంతమంది దేవుళ్లని విసిగించానో! ఇప్పుడు చూడు, నా పిడికిట్లో పట్టడం లేదు.”

“చెవి వెనక చూడు మరి.”

“దువ్వెన పోతోందిగా చెవి వెనక్కి.”

“దువ్వెనతో కాదు, చేత్తో.”

“చేత్తో చూడను.”

“ఏం?”

“ఏమిటే, నాకే పరీక్ష పెడుతున్నావా? జడ వేసేటప్పుడు నా వేళ్లు మెడ మీదికి పోనివ్వనని ఆస్పత్రి కౌన్సెలింగ్ మేడమ్‌కి మాటిచ్చానా లేదా? నువ్వు పక్కనే ఉన్నావుగా.”

“ఉన్నాను.”

“అమ్మ ముట్టుకుంటే ముద్దు చేసినట్టుండదు, జబ్బు వెతికినట్టుంటుందని ఎవరన్నారు?”

“నేనే అన్నాను. ఎప్పుడో.”

“ఎప్పుడో ఏమిటి, పోయిన నెలే కదా! మేడమ్ పెట్టిన మీటింగులో, అంతమంది తల్లుల ముందు. అందరం క్యాన్సర్ తగ్గిన పిల్లల తల్లులమే, అందరివీ ఇవే ఏడుపులు. అయినా నా కూతురి నోట ఆ మాట వింటుంటే...”

“ఏమే! ఆ జబ్బు పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దన్నానా లేదా?”

“మీరు గడ్డం గీసుకోండి. తెగిందంటే మళ్లీ నన్నే అంటారు.”

“చిట్టీ, అమ్మ ఎత్తితే నాకు చెప్పు. పని పడతాను.”

“సరే, నాన్నా.”

“విన్నావా? ఇంట్లో గొంతెత్తి అరుస్తున్నారు మీ నాన్న. రెండేళ్లు గుసగుసలే కదా మనకి. నిన్న లారీ కడుగుతూ ఈల కూడా వేశారు. మా పెళ్లైన కొత్తలో విన్న ఈల అది.”

“విన్నాను. అంతకు ముందే అడిగాడు, సంతోషంగా ఉన్నావా అని.”

“నువ్వేమన్నావు?”

“ఉన్నానన్నాను.”

“మరి ఆ ఈల ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావు?”

“తెలుసమ్మా. అందుకే...”

“అందుకే ఏమిటి?”

“ఏం లేదు. నువ్వు నన్ను స్కూలు గేటు దగ్గర పట్టుకున్నావు చూడు, అందరి ముందు...”

“ఇంకా దెప్పుతావా? గడ్డేమైనా ఉందేమోనని దవడ కింద కొంచెం తడిమాను, అంతే. దానికి మూడు రోజులు మాట్లాడలేదు నాతో. పైగా చెక్‌పోస్ట్ అని పేరు.”

“నాన్న పెట్టాడు ఆ పేరు.”

“నేనే పెట్టాను! లారీవాడికి ఇంకేం పేర్లు తెలుస్తాయి? ఏ బండినీ వదిలేది కాదుగా మీ అమ్మ!”

“ఎత్తేశాను కదండీ చెక్‌పోస్ట్! మీ బళ్లు హాయిగా పోనివ్వండి.”

“అమ్మా.”

“ఊఁ.”

“ఒక్కసారి పెట్టు.”

“ఏం పెట్టాలి?”

“చెక్‌పోస్ట్. ఇవాళ ఒక్కసారి.”

“ఛీ! తాగుడు మానేసినవాడికి సీసా చూపించినట్టు ఏమిటా మాటలు? నా వేళ్లు ఎలా లాగుతున్నాయో నీకేం తెలుసు? పాయలు తీస్తుంటే వాటంతటవే అటు జారిపోతాయి. దువ్వెన గట్టిగా పట్టుకుని ఆపుకుంటున్నాను. అరచేతిలో పళ్ల గుర్తులు పడ్డాయి, చూడు.”

“ఆపుకోకు.”

“ఆపుకుంటాను. నువ్వు చూస్తూ ఉండు. నిన్న పళ్లెంలో సగం వదిలేసి లేచావు. అడిగానా?”

“లేదు.”

“మొన్న కూడా వదిలేశావు. అడిగానా?”

“లేదు.”

“ఇవాళ నీ దిండు గలీబు చెమటతో తడిసి, పిండితే నీళ్లు కారేట్టుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఒక్క మాట అడిగానా నిన్ను?”

“అడగలేదమ్మా.”

“చూశావా మరి! ఉతికి ఆరేసి నోరు మూసుకున్నాను. పాత నేనైతే ఆ గలీబు చంకలో పెట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తేదాన్ని.”

“పరిగెత్తాల్సింది.”

“ఏమన్నావు?”

“పరిగెత్తేదానివే, అన్నాను.”

“ఆఁ. ఎగతాళి చెయ్యి. నేను ఎనిమిదో తరగతితో ఆపేసినదాన్ని, పాఠం నాలుగుసార్లు వల్లిస్తే గానీ బుర్రకెక్కదు. అందుకే గలీబు ఉతుకుతూ కూడా వల్లించాను. అనుమానం వస్తే అది నా భయం, పిల్ల జబ్బు కాదు. నా భయం, పిల్ల జబ్బు కాదు.”

“ఒకవేళ నీ భయం కాకపోతే?”

“మరేమిటి?”

“ఊరికే. ఒకవేళ.”

“అదిగో, నా పిరికితనం నీకంటించాను. మేడమ్ ముందే చెప్పింది, తల్లిని చూసే పిల్లలు నేర్చుకుంటారని. నీకేం కాలేదు. వచ్చే నెల చెకప్ ఎలాగూ ఉంది.”

“ఈ వారం వెళ్దామా?”

“ఎక్కడికి? ఆస్పత్రికా? ఆ వీధి మొదట్లోనే వెనక్కి పోదామనే పిల్లవి, నువ్వా అడుగుతున్నావు?”

“అక్కడ... నర్సమ్మని చూడాలనుంది.”

“పాపం, మంచిది ఆవిడ. సూది గుచ్చి నీకంటే ముందు ఆవిడే ఏడ్చేది. వచ్చే నెల చూద్దువులే. ఆ స్కార్ఫ్ తియ్యి, జడ కింద ఇరుక్కుంటోంది. అసలు ఇంత ఉక్కలో మెడకి... వద్దులే. అడగను.”

“అడుగు.”

“అడగను.”

“అడగమ్మా!”

“అడగనంటే అడగను! ఇంత కష్టపడి నేర్చుకుంటుంటే చెడగొట్టకు నన్ను.”

“మెడ నొప్పిగా ఉంది. కాస్త పట్టు.”

“నొప్పా? ఎక్కడ? ఎప్పట్నించి? ఏ వైపు... ఆగు. ఆగు. నా భయం. నీ పుస్తకాల సంచీ వల్లేనా?”

“నువ్వే పట్టి చూడు.”

“చెప్పవే, సంచీ వల్లేనా?”

“సంచీ వల్లే.”

“అమ్మయ్య! ఏవండీ, దీనికి కొంచెం తేలికపాటి సంచీ కొనండి. మెడ లాగేస్తోందట.”

“ఈ సాయంత్రమే కొందాం! చిట్టీ, బయల్దేరు. స్కూలు దగ్గర దింపేసి లోడుకి పోతాను.”

“అయిపోయిందండీ, రిబ్బను కట్టడమే. ఇదిగో, ఎంత బాగా కుదిరిందో. లే మరి.”

“విప్పేసి మళ్లీ వేయి.”

“ఏమిటే?”

“బాగాలేదు. విప్పేసి మళ్లీ మొదట్నించీ వేయి.”

“అద్దంలో చూసుకోకుండానే బాగాలేదా? నాన్న చెప్పులేసుకుంటున్నారు.”

“పర్లేదు. మళ్లీ వేయమ్మా.”

“ఇటు తిరుగు. ఏడుస్తున్నావా? జడకి ఏడుస్తారటే ఎవరైనా? సర్లే, విప్పుతాను, ఏడవకు. నువ్వేదడిగినా చేస్తాను. నిజం చెప్పనా? నా జుట్టు నేనే దువ్వుకుంటాను, ముట్టుకోకు అని దువ్వెన లాక్కుపోయినదానివి, ఆదివారం నుంచి నువ్వే దువ్వెన తెచ్చి నా ముందు కూర్చుంటున్నావు. నా తల్లి నన్ను మన్నించింది అనుకున్నాను. నిన్న మీ పిన్నికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను.”

“అందుకు కాదమ్మా.”

“మరెందుకే?”

“నాకు చెప్పడానికి నోరు రాలేదు. నీ చేతికే తగులుతుంది కదా అని వచ్చి కూర్చుంటున్నాను.”