క్వారీ అడుగున భీమన్న మోటరు

"నేనిప్పుడు చెప్పబోయేది అబద్ధమని ఎవలికన్న అనిపిస్తే చాయ్ గ్లాసు కింద పెట్టి ఇప్పుడే లేచి పోండ్రి. మధ్యల లేస్తే మాత్రం ఊకోను. బాబు మియా చెప్తుంటే మధ్యల లేచిపోయినోని లారీ ఇప్పటిదాంక కొత్తకోట పొలిమేర దాటలే, యాదుంచుకోండ్రి!"

ఆ పొద్దున కృష్ణయ్య చాయ్ హోటల్ల గట్లనే మొదలువెట్టిన. నా సంగతి మీకు తెల్వనిదా? హైవే పక్కన లారీల కింద పండుకోని బోల్టులు బిగించుకుంటనే ముసలోన్నయిన. మోకాళ్లు వంగుత లేవు గాని, నోరు మాత్రం ఇంకా కొత్త ఇంజను లెక్క నడుస్తది. కృష్ణయ్య పొయ్యి కాడ చాయ్ మరగవెడుతుండె. జములమ్మ మేకలను బయట నిలవెట్టి, మూలకు కూసోని బన్ను ముంచుకోని తింటుండె. భీమన్న మాత్రం చాయ్ ముట్టకుండ నా మొకమే చూస్తుండె.

"చాచా, కథ తర్వాత. మోటర్ దొరికిందా లేదా, జర గది చెప్పు" అన్నడు.

ఆయన పరేషాన్ ఆయనది. భీమన్న పల్లికాయ చేను పక్కనే పాత కంకర క్వారీ ఉన్నది. పని బందయినంక వానలకు నిండి చెరువు లెక్క అయింది. ఈయన ఖాళీ డ్రమ్ములను తెప్ప లెక్క కట్టి, దానికి మోటర్ వేలాడదీసి చేనుకు నీళ్లు గుంజుతుండె. రాతికి ఒరుసుకోని ఒరుసుకోని తాడు తెగింది. మోటర్ బుడుంగున అడుక్కు పోయింది. సరిగ్గ పల్లికి ఊడలు భూమిలకు దిగి కాయ పట్టే టైము.

అదే టైముకు నా చెల్లె కొడుకు ఫర్హాన్ గోవా నుంచి వచ్చిండు. అక్కడ వాని పని, వచ్చినోళ్లకు సముద్రం అడుగు చూపిచ్చుడు. వీపుకు గాలి సిలిండర్, కాళ్లకు బాతు పాదాల తీరు రబ్బరు రెక్కలు, నోట్ల పైపు. సెలవుల సరదాగ క్వారీల మునుగుదామని రెండు జతల సామాను తెచ్చుకున్నడు. భీమన్న బతిమిలాడితే మోటర్‌కు తాడు కట్టొస్త అన్నడు. కాని వాళ్ల పనిల ఒక కట్టుబాటున్నది: జోడి లేకుండ ఎవ్వరు దిగరు, జోడి పైకొస్తే రెండోవాడు గూడ పైకి రావాల్సిందే. ముందటి దినం వానికి జోడిగ పోయింది నేను. భీమన్న ఊర్ల లేకుండె. కిరాయికి మోటర్ దొరుకుతదేమోనని వనపర్తి పోయి ఉత్తచేతుల వచ్చిండు. ఆ మాపటి బస్సుకే ఫర్హాన్ గోవా పోవాలె.

"మోటర్ కాడికే వస్తున్న భీమన్నా. మోటర్ అడుగున ఉన్నప్పుడు కథ పైనుంచే గద మొదలువెట్టాలె! ఇనుండ్రి. ముందుగాల రబ్బరు సూటు తొడిగిన. కడుపు కాడ అది ఎక్కనంటది, నేను ఎక్కియ్యంది ఇడువనంట. ఎక్కించిన. దిగిన. మొదట్ల చిన్న చేపలు, వేలంత వేలంత, సలాం కొట్టి పోతున్నయి. ఇంక జర లోపటికి పోతే ఒక వాలుగ చేప ఎదురొచ్చింది."

"ఎంతుంటది?" అన్నడు కృష్ణయ్య.

"గద్వాల బస్సు చూసినవు గదా?"

"కండక్టర్ గూడ ఉండెనా లోపట?"

"నవ్వకు కృష్ణయ్యా! దాని మీసాలు లారీకి కట్టే మోకులంత ఉన్నయి. రెండు మీసాలు రెండు చేతుల పట్టుకోని, గుర్రం కళ్లెం లెక్క గుంజి, చల్ అన్న. ఫర్హాన్‌ను ఎనక కూసవెట్టుకున్న. నా చెల్లెకు నేను జవాబు చెప్పుకోవాలె గదా. అది మమ్ముల సీదా క్వారీ అడుక్కు తీస్కపోయి దించింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మోటర్ కాన్రాలేదా చాచా?" అన్నడు భీమన్న.

"వస్తున్న, వస్తున్న! కాన్రావడానికి మధ్యల టిప్పర్ అడ్డమున్నది. క్వారీ నడిచే కాలంల మునిగిన టిప్పర్, అట్లనే నిలవడి ఉన్నది. మెకానిక్ చేతులు ఊకుంటయా? బానెట్ ఎత్తిన. లోపట ఒక ఎండ్రికాయ పెండ్లాం పిల్లలతోని కాపురం చేస్తున్నది. నేను మర్యాదగ అడిగిన, అది మర్యాదగ ఖాళీ చేసింది. రెండు వైర్లు కలిపి సెల్ఫ్ కొట్టిన. ఒక్క దెబ్బకు స్టార్ట్!"

"నీళ్లల్ల ఇంజను ఎట్ల స్టార్ట్ అయితది మియాసాబ్?" అన్నడు కృష్ణయ్య.

"ఎందుకు కాదు? రేడియేటర్‌కు నీళ్ల కొరత లేదు గదా!"

హోటలంత గొల్లుమన్నది. బయట లారీ తుడుస్తున్న క్లీనర్ గూడ బట్ట భుజాన ఏసుకోని లోపటికొచ్చిండు. జనం కూడితే నాకు ఆగుతదా?

"గంతల ఫర్హాన్ మొకం నీలం అయింది. సిలిండర్ల గాలి అయిపోయింది. నాది గూడ! మీరైతే ఏం చేద్దురు? కలిమా సదువుకుందురు. నేను టిప్పర్ టైర్ వాల్వు పీకి నోట్ల వెట్టుకున్న. ముందటి టైరు నాకు, ఎనకటి టైరు వానికి. ఆ గాలి రాయచూర్ల కొట్టిచ్చింది కావొచ్చు, రెండు గుక్కలు పీల్చంగనే నాకు కన్నడ ఒచ్చుడు మొదలైంది. 'ఏనప్పా, హేగిద్దీయా' అని వాలుగను పలకరిచ్చిన. అది గూడ జవాబిచ్చింది, కాని దాని యాస నాకు తెల్వలే. ఇంక టిప్పర్ గేరేసిన. రాళ్ల నడుమ ఒక సొరంగం. లైట్లేసి, హారన్ కొట్టుకుంట పోతే పోతే, యాడ తేలినమో తెలుసా? జూరాల ప్రాజెక్టు నీళ్లల్ల!"

"మరి గాడికెల్లి బస్సెక్కి రాకపోతివా?" అన్నడు క్లీనర్.

"నా చెప్పులు ఈడ క్వారీ గట్టు మీద ఉండె గదరా! కొత్త చెప్పులు. టిప్పర్ తిప్పి మళ్ల అదే దారిన వచ్చిన."

అందరు నవ్వుతున్నరు. భీమన్న ఒక్కడే గ్లాసు చుట్టు వేలు తిప్పుకుంట కూసున్నడు.

"చాచా, మోటర్."

"ఉన్నది భీమన్నా! కండ్లార చూసిన. ఇంకా నడుస్తనే ఉన్నది! వాలుగ పిల్లలు దాని ముందర వరుసగ నిలవడి తానం చేస్తున్నయి."

"తాడు కట్టిండ్రా?"

"తాడా..." అన్న నేను. చాయ్ గ్లాసుల ఏమన్న దొరుకుతదేమోనని చూసిన. అడుగున పొడి తప్ప ఏం లేదు.

"తాడు యాడికెల్లి కడ్తరు?" అన్నది జములమ్మ మూలకెల్లి. బన్ను మింగి, మూతి తుడుసుకున్నది. "ఈయన నడుం లోతు దాటితే గదా! నిన్న నా మేకలు గట్టు మీదనే ఉండె. పాపం ఆ పిలగాడు రబ్బరు నోట్ల వెట్టి, 'పండ్లతోని గట్టిగ పట్టుకో మామూ, నోరు మాత్రం తెరవకు' అని చెప్పిండు. తల మునిగిందో లేదో, ఈయన ఏదో చెప్పనీకె నోరు తెరిచిండు. నీళ్లు మింగి కేక వెట్టుకుంట లేచిండు. పిలగాడు మళ్ల వెట్టిండు, ఈయన మళ్ల తెరిచిండు. వాడు లోపటికి పోవుడు, ఈయన లొల్లికి పైకొచ్చుడు. పొద్దుగూకేదాంక ఇదే కథ. నా మేకలు మేసుడు ఇడిచిపెట్టి చూసినయి."

"గంతగనం ఏం చెప్పనీకె తెరిచినవు మియాసాబ్?" అన్నడు కృష్ణయ్య, గరిట పట్టుకోని నవ్వు ఆపుకోలేక.

"లోపట ఒక రాయి అచ్చం ఒంటె మూపురం లెక్క ఉండె. వానికి చూపిద్దామని... చూసినంక చెప్పకుంట ఎట్ల ఉంటం?"

ఈసారి హోటల్ కప్పు ఎగిరిపోయేటట్టు నవ్విండ్రు. భీమన్న నవ్వలే. అంగీ జేబుల నుంచి ఒక పల్లి మొక్క తీసి బల్ల మీద పెట్టిండు. ఆకు ముడుసుకపోయింది. భూమిలకు దిగాల్సిన ఊడలు గాలిలనే ఎండి, నల్లగ దారాల లెక్క వేలాడుతున్నయి.

"అంటే మోటర్ గాడనే ఉన్నది" అన్నడు మెల్లగ. "నాకు ఈత రాదు చాచా. వస్తే నేనే దిగుదును. ఫర్హాన్ బస్సు మాపునే."

నవ్వు ఎవలిది వాళ్ల నోట్లనే ఆగింది. నేను వేలితోని ఆ ఊడలను ముట్టి చూసిన. ఒకటి పుటుక్కున తెగింది.

"నీకు ఈత మంచిగనే వస్తది మియా" అన్నది జములమ్మ. "నీకు రానిది ఒక్కటే. నోరు మూసుకునుడు."

దీనికి జవాబుండె నా దగ్గర. బ్రహ్మాండమైన జవాబు. నోరు తెరిచిన. మళ్ల మూసిన. గ్లాసు పెట్టి లేచిన, క్వారీ దిక్కు నడిచిన.

ఎనకనుంచి కృష్ణయ్య "ఆ వాలుగకు నా సలాం చెప్పు మియాసాబ్!" అని ఒర్రిండు. అయినా ఏమనలే. క్లీనర్ హారన్ లెక్క కూత పెట్టుకుంట నా ఎంట వచ్చిండు. ఏమనలే. గట్టు కాడ ఫర్హాన్ "మామూ, ఇయ్యాల మంచిగనే ఉన్నవు గదా?" అంటే తల ఊపిన, గంతే. వాడు పరేషానయి నా నొసలు ముట్టి చూసిండు, జరమేమోనని.

రాయి కోసిన మెట్టు ఒకటి నీళ్ల కింద ఉన్నది. దాని మీద కూసోని, రబ్బరును పండ్ల నడుమ బిగించిన. నా కండ్ల ముందరనే, ఇంకో మెట్టు కింద, ఫర్హాన్ బురదల వెతుకుతుండె. వాలుగ లేదు, టిప్పర్ లేదు. పచ్చటి నీళ్లు, పైనుంచి ఎండ. వేలంత చేప ఒకటొచ్చి నా కండ్లద్దంల తన మొకం చూసుకోని పోయింది. ఎంత ముద్దుగుండెనో! నాలిక దురద పెట్టింది. పండ్లు ఇంకా గట్టిగ బిగించిన. వాడు మోటర్ దొరకవట్టి తాడు కట్టి, పైకి గుంజుండ్రని తాడు ఊపిండు. పైన భీమన్న, క్లీనర్, ఎనక ఉరికొచ్చిన కృష్ణయ్య కలిసి గుంజిండ్రు. మోటర్ బురద కక్కుకుంట గట్టెక్కింది. భీమన్న తన తువ్వాలతోని దాని మొకం తుడిచిండు.

నా నోట్లకెల్లి రబ్బరు తీస్తే, నా పండ్ల అచ్చులు దాని మీద పడి ఉన్నయి. మాపటికి పల్లి చేన్ల నీళ్లు పారినయి.

క్వారీల మునిగి జూరాల కాడ తేలిన్నంటే ఊర్ల సగం మంది నమ్మిండ్రు. హోటల్ల లేచిన కాడికెల్లి మోటర్ గట్టెక్కేదాంక బాబు మియా ఒక్క మాట మాట్లాడలేదంటే మాత్రం, మా ఇంట్ల నా పెండ్లాం సాబిరా గూడ నమ్ముత లేదు. మీరు గూడ నమ్మకుండ్రి, పోయి అడుగుండ్రి. సాక్షి ఉన్నది. మేకలు కాసే జములమ్మ.