లెఫ్టినెంటుగారి పందొమ్మిది రోజులు

మూడు ఊళ్ళు తిప్పారమ్మా నన్ను. ప్యో ఇన్సు వాళ్ళ ఇల్లెక్కడ అంటే ఒకాయన మిట్ట మీద అన్నాడు, ఇంకొకాయన వాగు అవతల అన్నాడు. ఈ కుంటికాలితో రెండు మిట్టలు ఎక్కి దిగాను. మన కొరియాలో యుద్ధం ఆగి మూడు నెలలైంది, ఇంకా ఎవరిల్లు ఎక్కడుందో ఎవరికీ తెలీదు. సగం ఇళ్ళు కాలిపోయాయి కదా, వాళ్ళు మాత్రం ఏం చెప్తారులే.

నేను గిల్ దొక్బేనమ్మా. సార్జెంటుని. మీ అబ్బాయి ఇన్సుగారి కింద పనిచేశాను. కింద అంటే, వయసులో నేనే పెద్ద. ఆయనకి ఇరవై రెండు, నాకు నలభై ఒకటి.

వద్దు, ఏమీ పెట్టకండి. మీరు కూర్చోండి.

నిజం చెప్తాను. వచ్చిన మొదటి మూడు రోజులూ ఆయన పేరే అడగలేదు నేను. ఏమనుకోకండి. మేం కాపలా కాసే ఆ కొండ మీదికి కొత్త లెఫ్టినెంటు వస్తే మాలో ఎవరం పేరడిగేవాళ్ళం కాదు. నాలుగు నెలలు నేర్పి పంపేవాళ్ళు, వారం తిరక్కుండానే పోయేవాళ్ళు. వాడి పారేసే సామాను అనుకునేవాళ్ళం, మాలో మేం. ఆయనకి ముందు నలుగురు పోయారు, నా కళ్ళ ముందే.

ఇన్సుగారు వచ్చిన మర్నాడే అందరూ నవ్వారు. ఎందుకో తెలుసా? సైనికుల్ని "మీరు" అన్నాడు. లేవండి, కందకం తవ్వండి అని. బడిపంతులు కదా. పక్కకి పిలిచి చెప్పాను, లెఫ్టినెంటుగారూ, ఇలాగైతే మీ మాట ఎవడూ వినడు, తిట్టాలి అని. తల గోక్కున్నాడు. మీది మా నాన్న వయసు, నాకు నోరు రావట్లేదు అన్నాడు. నలభై ఒకటికే నాన్న వయసంట!

మొదటిసారి ఫిరంగి గుండ్లు పడ్డప్పుడు కక్కుకున్నాడు. లేదమ్మా, సిగ్గుపడే విషయం కాదది. నా మొదటి రోజున నేను అంతకంటే పాడుపని చేశాను. ఆయన మూతి తుడుచుకుని, ఒక్కొక్క గుంట దగ్గరికీ పాక్కుంటూ పోయి, ఎవరికి దెబ్బ తగిలిందో చూసొచ్చాడు. ఆ రోజుతో కుర్రాళ్ళు నవ్వడం మానేశారు.

కూలీలు వీపున మోసుకొచ్చే అన్నం ముద్దలు మా దాకా వచ్చేసరికి రాళ్ళయ్యేవి. అందరికీ అందాకే ఆయన తీసుకునేవాడు. కొరికి, మా అమ్మ పెట్టే కిమ్చీ ఊరగాయ ఒక్క ముక్క ఉంటేనా అనేవాడు. మీరు ఉప్పెక్కువ వేస్తారట. నీళ్ళు తాగీ తాగీ కడుపు నిండేదట... నవ్వుతున్నారు. అయితే నిజమేనన్నమాట.

ఏదైనా నన్నడిగే చేసేవాడమ్మా. కాపలా ఎక్కడ పెట్టాలి, ఎటునుంచి పోవాలి, అన్నీ. అడగడానికి ఆయనకి చిన్నతనం లేదు. నేనేం చెప్తే అది. నాకు, ఏం చెప్పను, గర్వంగా ఉండేది.

ఆఁ, సైన్యం నుంచి మీకొచ్చిన ఉత్తరం చూశానమ్మా. శత్రువు మీదికి తానే ముందుగా ఉరికి, అని రాశారు. అబద్ధం కాదు. ముందు లేచింది ఆయనే.

పందొమ్మిదో రోజు. నిరుడు అక్టోబరు, పొద్దున్నే. మా ఎదుటి గుట్ట చైనావాళ్ళ చేతిలో పడింది, తిరిగి పట్టుకోమన్నారు. ముందు మనవాళ్ళు పొగ గుండ్లు వేస్తారు, ఆ పొగ చాటున పొమ్మన్నారు. అప్పటికి ఇరవై ముగ్గురం మిగిలాం. వాలులో ఒక గాడిలో పడుకున్నాం. పొగ రాలేదు. అడుగుదామంటే ఫోను తీగ తెగిపోయింది. అవతలి గుండ్లు మాత్రం ఒక్కొక్కటే దగ్గరికొస్తున్నాయి, ఎవరో మెట్లు దిగొస్తున్నట్టు.

ఆయన నా వైపు తిరిగాడు. "దొక్బేగారూ, ఆగుదామా, ఇప్పుడే పోదామా?"

"ఇప్పుడే" అన్నాను.

ఎందుకని కూడా అడగలేదు. టోపీ పట్టీ బిగించుకుని లేచాడు. పది అడుగులు వేశాడేమో, మెషిన్‌గన్ మోగింది. పడ్డాక చెయ్యి పైకెత్తాడు. "ఆగండి, ఎవరూ లేవకండి" అన్నాడు. మళ్ళీ మాట్లాడలేదు.

ఒక సిగరెట్టు కాలేంతసేపు కూడా కాలేదు, పొగ వచ్చింది. తెల్లగా, దట్టంగా. అందులోంచి నడుచుకుంటూ పోయి గుట్ట ఎక్కేశాం. ఇద్దరికి గాయాలు, అంతే. దిగొచ్చేసరికి ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. నేనే మూశాను.

చెయ్యి వదలండమ్మా. పట్టుకోకండి. ఇంకా అవలేదు.

తొందరపడి తప్పు చెప్పాననుకుంటున్నారు మీరు. మా వాళ్ళూ అదే అన్నారు, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, ఊరుకో అని. పొరపాటు కాదమ్మా. ఆగాలని నాకు తెలుసు. రెండేళ్ళు కొండల మీద బతికినవాణ్ణి, పొగ లేకుండా ఆ వాలు ఎక్కితే ఏమవుతుందో తెలీదా నాకు?

తర్వాతి గుండు నేనున్న చోటే పడేలా ఉంది, కదిలితే అవతలివాళ్ళ కంట పడతాను. ఆయన లేస్తే వాళ్ళ చూపంతా అటు పోతుంది. ఆ సందులో నేను పక్క గుంటలోకి దొర్లిపోవచ్చు. ముందు ఆయనే లేస్తాడనీ తెలుసు. దొర్లాను కూడా. ఆయన నేల మీద పడేసరికి నేను గుంటలో ఉన్నాను.

నాకు పెళ్ళాం పిల్లలు లేరు. నా కోసం ఎదురుచూసేవాళ్ళు ఎక్కడా లేరు. మరి బతకాలని ఎందుకనిపించిందో...

అనిపించింది. అంతే.