రెండు పొరల పరుపు

చిన్న మంగళారం ఊళ్లో టైలర్ కరుణమ్మ ఇల్లు. ఆమె చేతిలో కత్తెర. కూతురు ప్రేమజ్యోతి నేల మీద కూర్చుని కుడుతోంది.

“ఆ కత్తెర కింద పెట్టమ్మా. పెట్టుమంటున్న.”

“పెట్ట. చింపుత దాన్ని. మంచం మీది ఫోము పరుపు కోసి, యూరియా సంచులు కోసి... ఏందే నీ కథ?”

“ఏందో నీకు తెల్వదా? రాతి గుండ్లు ఎక్కేటప్పుడు కింద ఏసుకునే పరుపు. జారితే దీని మీద పడుత.”

“జారితే! ఎంత అల్కగ అంటున్నవే! మీ అన్న జారిండు. రెండేండ్లాయె. కట్టె లేకుంట నడుస్తుండా?”

“అన్న ముచ్చట తియ్యకు.”

“తీస్త! నా కొడుకు, నేను తీస్త. ఇరవై నాలుగేండ్ల పోరడు ముసలోని లెక్క కుంటుకుంట తిరుగుతుండు. చూసుకుంట నీకెట్ల బుద్ధి పుట్టిందే?”

“పుట్టింది. ఆదివారం పోత. గండిపేట దోస్తులొస్తున్నరు, మాటిచ్చిన.”

“కాళ్లిరగ్గొడ్త.”

“ఇరగ్గొట్టు. అన్న కట్టె ఉన్నది గద, ఇద్దరం వంతులేసుకుంటం.”

“నోరు! ప్రభువా, దీని నోరు పడిపోను!”

“శాపాలైపోయినయా? జర జరుగు, ఎల్తురు రానియ్యి.”

“ఎల్తురెందుకే? ఇంట్ల మిషన్ పెట్టుకొని దబ్బనంతోని గుచ్చుకుంటున్నవ్. వేలంత నెత్తురు. మొయినాబాద్ దాంక ఆడోళ్ల జాకెట్లన్నీ నేను కుడత. నన్నడుగుతే నీకు నామోషీనా?”

“నేనే కుట్టుకుంట.”

“కుట్టినవ్ తియ్యి, వంకర టింకర! మీ అన్న పరుపు నేను కుట్టిన. ఇయ్యాల్టి దాంక ఒక్క కుట్టు ఊడలే.”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“ఏం లే.”

“ఏం తెలుసే?”

“ఏం లేదన్న గద! నా పని నన్ను చేసుకోనియ్యి!”

“ఇటియ్యి. ఇయ్యవే! ... ఇదేంది? రాయి లెక్కున్నది. గట్టి ఫోము షీటు పైకి పెట్టినవా?”

“పైకే. మెత్తది కింద. మెత్తది పైనుంటే కాలు లోపలికి దిగబడి మెలిక పడ్తది.”

“...వాడు గూడ గట్లనే చెప్పిండు.”

“అమ్మా, ఇడిసిపెట్టు.”

“రెండుసార్లు చెప్పిండు. గట్టిది పైకమ్మా, మర్సిపోకు అని. నేను చేతితోని ఒత్తి చూసిన. బండ లెక్క తాకింది. నా కొడుకు దీని మీద పడుతే ఎట్ల అని... మెత్తది పైకి పెట్టి కుట్టేసిన. వాడు చూసుకోనే లేదు. కుట్టుడైతనే భుజాన ఏసుకొని ఉరికిండు.”

“ఇప్పుడెందుకమ్మా అదంత?”

“ఎందుకేందే? వాడు దవాఖానల ఏమన్నడు? పరుపు మీద పడలే, పక్కన బండ మీద పడ్డ అన్నడు. ఆ ఒక్క మాట మీదనే రెండేండ్ల సంది బువ్వ తింటున్న. నువ్వు పక్కనే ఉంటివి. పక్కకే పడ్డడు గద?”

“పరుపు ఇటియ్యమ్మా, కుట్టాలె.”

“మాట్లాడు! ఇంతసేపు లేసింది గద నోరు! పక్కకే పడ్డడు గద?”

“పరుపు నట్టనడుమ పడ్డడమ్మా. నీకు చెప్పనని బైబిల్ మీద నాతోని ఒట్టేయించుకుండు.”