పేరూ ఊరూ

అల్లూరు దగ్గర రొయ్యల గుంట గట్టు. పంపు షెడ్డు నీడలో హజరత్తయ్య, లాప్‌టాప్ ముందు కూతురు వినీల.

“ప్రసాదం తీసుకో పాపా. నిన్న కోన గుడికి పొయ్యి ఆ తల్లి పేరున అర్చన చేయించుకొచ్చినా.”

“ఏ తల్లి నాయనా?”

“ఏ తల్లి అంటావేంది? మీ ప్రార్థనల యాప్ పేజీలో రాసిందే. ‘మా వాళ్ల ప్రార్థనలు తీసెయ్యబాకండి, మా అమ్మ అవి వింటానే కన్ను మూసింది’ అని. మళ్లీ ఏమన్నా రాసిందా?”

“లేదు.”

“తొమ్మిది రోజులాయె.”

“పనుంది నాయనా.”

“ఉండనీ. తీసేసినారా చివరికి?”

“తీసెయ్యలా. ఆమె ఉండే ఆ ఒక్క దేశంలో కనపడకుండా దాచినాం. అక్కడ నిషేధం. దాచకపోతే యాప్ మొత్తం ఆపేస్తామని అక్కడి సర్కారోళ్లు జాబు పంపినారు. అప్పుడు అక్కడ మిగతావాళ్ల ప్రార్థనలు కూడా పోతాయి గదా.”

“దాచిందెవరు?”

“యాప్ చూసుకునే ముగ్గురం అనుకున్నాం. మీట నొక్కింది నేను.”

“అంటే మన గుంట గట్టున వినపడతాది, ఆమె ఇంట్లో వినపడదు.”

“అట్లా అనబాక.”

“తప్పు పట్టలేదు, అడుగుతుండా. అన్నం సయించంది అందుకేనా?”

“అందుకే.”

“మరి ఆమె రాసిన మాటలన్నీ ఎందుకు చెరిపేసినావు? పొద్దున చూసినా, ఒక్కటీ లేదు.”

“నా లాప్‌టాప్ ముట్టుకోబాకని ఎన్నిసార్లు చెప్పాలి!”

“మెల్లిగా. కొంగలు లేచిపోయినాయి చూడు.”

“నాయనా... ఆ పేజీ లోకంలో ఎవరైనా చదవొచ్చు. మా పద్ధతే అది. పది దేశాల వాళ్లం జీతం లేకుండా చేసే పని, ఏదీ తలుపులేసుకోని మాట్లాడం. ఆమెకి అది తెలుసు. అందుకే మారుపేరుతో రాసేది.”

“ఊఁ.”

“మా తరఫున ఒకరు అసలు పేరు అడిగినారు. ఊరు కూడా. మమ్మల్ని నమ్మి చెప్పేసింది.”

“చెప్తే ఏమవుతాది?”

“అక్కడ ఆ ప్రార్థన ఇంట్లో చదివినా జైలే. ఆ మర్నాటి నుంచి ఆమె అజా లేదు. పట్టకపోయినారో, తనే భయపడి మానుకుందో...”

“చెరిపేసినావు గదా?”

“మర్నాడు గదా నేను చూసింది. ఆలోపల ఎవరెవరు దించుకున్నారో! వాళ్ల దగ్గర ఉండేది నేనెట్లా చెరిపేది?”

“అడిగిందెవరు?”

“ఎవరైతే ఏంది?”

“ఎవరు పాపా?”

“నేనే. అడిగిన మాట నా పేరు మీదే ఉండె. చాలా?”

“ఎప్పుడు అడిగినావు?”

“అవతలి శనివారం.”

“శనివారం నువ్వు కావలికి పోతివే, రోజారమణి సీమంతానికి.”

“ఫోన్లో రాసినా.”

“లాప్‌టాప్ ఇంట్లోనే తెరిచి పెట్టిపోయినావు. తెలుగులో మాట్లాడితే వాళ్ల భాషలో పడతాదని నువ్వే చూపించినావు.”

“వదిలెయ్ నాయనా. ప్రసాదం ఇటియ్యి, తింటా.”

“ఉండు పాపా. అర్చనకి పేరూ ఊరూ లేకపోతే ఎట్లా అని... ‘నీకే ఆపదా రాకుండా సామికి చెప్పుకుంటా తల్లీ, నువ్వెవరో చెప్పు’ అని అడిగింది నేనే.”