మోషే నత్తి, మా అక్క నత్తి

ఆ ఫోనులో ఎవడ్రా అంత గట్టిగా అరుస్తున్నాడు? కాస్త తగ్గించు. ఏంటీ? మోషే అనేవాడు అసలు పుట్టనే లేదా? ఎవరన్నారూ, ప్రొఫెసరా? ఊఁ. కింద ఇంకొకడు పుట్టాడని రాశాడా? మూడోవాడేమో నలుగురైదుగురి కథలు కలిపి ఒక్కడిగా కుట్టేశారంటున్నాడూ? పోన్లే, ముగ్గురికీ పొద్దుపోతోంది. ఇదేదో ఇవాళే కనిపెట్టినట్టు నోరెళ్ళబెట్టి చూస్తున్నావు గానీ నాన్నా, ఈ గొడవ మా మేడ మీద నా పెళ్ళికి ముందే అయిపోయింది. అయిపోయిందంటే తేలిందని కాదు. తేలదు. ఎందుకు తేలదో నాకు తెలుసు. నవ్వకు. నేను చదివింది తక్కువే, కానీ ఈ ఒక్క సంగతిలో నన్ను కాదనేవాడు ఇంకా పుట్టలేదు. కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. ఇటు రా.

మా అక్కని నువ్వెరగవు. మీ నాన్నకి మేనత్త. నువ్వు పుట్టేసరికే పోయింది. మా నాన్న తర్వాత బైండింగు షాపు నడిపింది తనే. నేను అట్టలు కోసేవాణ్ణి, గుడ్డ అతికేవాణ్ణి, కుట్టు మాత్రం అక్కది. అచ్చయిన కాగితాల మడతలు, ఫారాలంటారు, వరసలో పెట్టుకుని కుట్టడం, కుడుతూ కుడుతూ చదవడం. ఒక పుస్తకం నడిమి భాగం ఇవాళ చదివేది, మొదటి భాగం రేపు చదివేది, ఆఖరి భాగం పార్టీ వచ్చి తొందరపెడితే చదవకుండానే వెళ్ళిపోయేది. అందుకని దానికి లోకంలో ఉన్న కథలన్నీ తెలుసు, ఏ కథా ఎలా ముగిసిందో తెలీదు. ఏం పర్లేదు, ముగింపులు మనమే పెట్టుకోవచ్చు అనేది. అనేదంటే... అదీ అసలు సంగతి. అక్కకి నత్తి. అలాంటిలాంటి నత్తి కాదు. కొట్టుకెళ్ళి జిగురు కాయడానికి మైదా అడగాలి. "మై... మై..." అనేలోపు కొట్టాయన "మైనమేగా అమ్మా, దారానికి!" అని పొట్లం కట్టి చేతిలో పెట్టేసేవాడు. మంచివాడే పాపం. మా ఇంట్లో మైనం గుట్టలు పడి ఉండేది, జిగురుకి మాత్రం దిక్కులేదు. నత్తివాళ్ళని చూస్తే లోకానికి వచ్చే జబ్బే అదిరా. ఆగలేరు. వాళ్ళ నోట్లో మాట లాగేసి తమ మాట కుక్కేస్తారు, పైగా సాయం చేశామనుకుంటారు. నేనూ అంతే, నేనేం తక్కువ తిన్నానా? పాట పాడితే మాత్రం ఒక్క అక్షరం తడబడేది కాదు. అదెలాగో నన్నడగకు, డాక్టర్లకే తెలీదు.

ఒకసారి ప్రార్థన మందిరం నుంచి చివికిపోయిన పెద్ద బైబిలు గ్రంథం ఒకటి బైండింగుకి వచ్చింది. అక్క కుడుతూ ఉన్నట్టుండి సూది ఆపేసింది. ఆ ఫారం పట్టుకుని నా దగ్గరికొచ్చి, ఒక చోట వేలు పెట్టి, చదవమని సైగ చేసింది. చదివాను. ఆ మోషే, బానిసలైన నీ జనాన్ని వదలమని రాజు దగ్గరికి వెళ్ళి మాట్లాడరా అని దేవుడంటే, నాకు నాలుక తిరగదు, నన్నొదిలెయ్, ఇంకెవరినైనా పంపించు అని బతిమాలుకుంటున్నాడు. అక్క మొహం చూడాలి నువ్వు. పెళ్ళి చూపులప్పుడు కూడా అంత వెలుగు చూళ్ళేదు నేను. తన లాంటి మనిషి ఒక పుస్తకంలో కనబడటం దాని బతుకులో అదే మొదలు. నాలుక తిరగనివాడు, అయినా పని వాడికే అప్పగించారు! ఆ రోజు నుంచి మోషే మా ఇంటి మనిషైపోయాడు. భోజనాల దగ్గర కూడా ఆయన సంగతే. మా అమ్మకి విసుగొచ్చి, "ఆయనకో కంచం పెట్టమంటావా?" అనేది.

సరే, మేడ సంగతి. మా షాపు కింద, పైన ఊళ్ళోవాళ్ళ రీడింగ్ రూము. ఆదివారం సాయంత్రం పెద్దలందరూ చేరి ఏదో ఒకటి వాదించుకునేవారు. ఆ రోజుల్లోనే రీడింగ్ రూము చూసుకునే పెద్దాయన మానేశాడు. ఆ పని అక్కకి కావాలి. ప్రాణం పెట్టుకుంది దాని మీద. ఎందుకు పెట్టుకోదూ? అక్కడ సగం పుస్తకాలు తను కుట్టినవే, ఆఖరి పేజీలన్నీ ఇప్పుడైనా చదువుకోవచ్చు. కమిటీని అడిగితే ప్లీడరు గారు, ఆయనే అధ్యక్షుడు, చాలా మర్యాదగా, "చూద్దాం తమ్ముడూ, మీ అక్క బంగారమే, కానీ వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడాలి కదా..." అని నసిగాడు. నత్తి అనే మాట అనడానికి ఆయనకి నత్తి వచ్చింది! నేను చెప్పానులే ఇంటికెళ్ళి. అక్క మైనం ఉండ ఒకటి తీసి నలిపింది, అంతే.

ఆ నెలంతా ఆదివారాలు మోషే మీదే వాదన. ఎవరు మొదలెట్టారో గుర్తులేదు, కానీ మొదలెట్టాక ఆపేవాళ్ళు లేరు. హిస్టరీ మాస్టారు ఉండేవాడు, ఆధారం మాస్టారు అనేవాళ్ళం ఆయన్ని. ఎండగా ఉందండీ అన్నా "ఆధారం?" అనే రకం. ఆయనేమో, "అంత జనం అన్నేళ్ళు ఎడారిలో తిరిగితే ఒక కుండ పెంకైనా దొరకద్దా? లేడు. కట్టుకథ" అని తేల్చేశాడు. పాస్టరు గారికి మంటెత్తింది. "కుండ పెంకు దొరక్కపోతే మనిషే లేడా? మీ ముత్తాత కుండ పెంకు చూపించండి చూద్దాం" అన్నాడు. ప్లీడరు గారు గొంతు సవరించుకుని, "ఉన్నాడో లేడో పక్కన పెట్టండి, ఆయన చెప్పిన చట్టం ఆయన సొంతం కాదు, అంతకుముందే వేరే రాజులు రాళ్ళ మీద చెక్కించారు, ఈయన పోగుచేశాడంతే" అన్నాడు. డాక్టరు గారిది మరీ చోద్యం. "పొద మండుతోంది గానీ కాలట్లేదు, అందులోంచి దేవుడు పిలిచాడు అన్నాడంటే ఆ మనిషికి వడదెబ్బ తగిలింది. మంచం మీద పడుకోబెట్టి చల్లటి గుడ్డ వెయ్యాలి, జనాన్ని వెనకాల వేసుకుని బయల్దేరనివ్వకూడదు." రిటైరైన నర్సమ్మ ఒకావిడ ఉండేది, స్వెటరు అల్లుకుంటూ వెనక బెంచీలో కూర్చునేది. "మీరందరూ ఆయన సంగతే మాట్లాడతారేం? పుట్టిన మగబిడ్డని చంపెయ్యమని రాజంటే మేం చంపం అన్న మంత్రసానులు లేకపోతే ఆయనెక్కడ? తమ్ముడి బుట్ట నీళ్ళలో కొట్టుకుపోకుండా గట్టున కాపలా కాసిన అక్క లేకపోతే ఆయనెక్కడ?" అనేది. ఆవిడ మాట ఎవరు వింటారు? నేను విన్నాను. నా అక్క కింద ఉంది కదా మరి.

ఆ ఆఖరి ఆదివారం వాదన నత్తి మీదికొచ్చింది. చిత్రం చూడు, నెలరోజులు ఒక్క మాట మీద నిలబడని మనుషులు అక్కడ మాత్రం అందరూ ఒక్కటైపోయారు. ఆయనకి నత్తి ఉండే ప్రశ్నే లేదట! డాక్టరు గారేమో, కోటలో పెరిగాడు కనుక తన వాళ్ళ భాష సరిగా రాదు, దాన్నే నత్తి అన్నారు అని. పాస్టరు గారేమో, అది వినయం, పెద్దవాళ్ళు అలాగే తగ్గించుకుంటారు అని. ఆధారం మాస్టారేమో, మనిషే లేనప్పుడు నత్తి ఎక్కడిది అని. ప్లీడరు గారు అన్నిటినీ మూటగట్టి, "నిజంగా నత్తి ఉన్నవాడు రాజు ముందు నోరు విప్పగలడా, జనాన్ని నడపగలడా?" అన్నాడు. తథాస్తు అన్నట్టు అందరూ తలలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నాలుగూ దులిపేద్దామని నోరు తెరుస్తున్నానా, తలుపు తోసుకుని అక్క వచ్చి నిలబడింది. జుట్టంతా రేగిపోయి ఉంది, రొప్పుతోంది. "మో... మో... మో..."

అంతే. సభ సభంతా కరిగిపోయింది. పాస్టరు గారు లేచి, "చూశారా, మోషే కోసం మెట్లెక్కి వచ్చింది! చెప్పమ్మా, ఉన్నాడనేగా?" ఆధారం మాస్టారు, "తొందరపెట్టకండి, లేడంటుందేమో." డాక్టరు గారు మంచినీళ్ళ గ్లాసు అందించాడు. ప్లీడరు గారు, "సావకాశంగా చెప్పమ్మా, మేం అన్ని అభిప్రాయాలూ గౌరవిస్తాం" అన్నాడు. నేనా? నేను మోకాలనుకున్నాను. మా అమ్మకి మోకాళ్ళ నొప్పి, మెట్ల మీద పడిందేమోనని. అక్క నావైపు చూసింది, వాళ్ళవైపు చూసింది, కాలు నేలకేసి కొట్టింది, "మో... మో..." ఇక లాభం లేదని కళ్ళు మూసుకుని పాటెత్తుకుంది రా! మా చెల్లెలి కూతుర్ని నిద్రపుచ్చే జోల వరసలో. "మోటారు కాలుతోందీ... మెట్ల కింద మంటా... లేవండి పెద్దలూ... దిగండి తొందరగా..." నీళ్ళ మోటారు! మెట్ల కిందే, మా షాపు గోడవతల. పక్కనే నేను కోసి పారేసిన కాగితం ముక్కల బస్తాలు. మేడకి ఆ ఒక్క చెక్కమెట్లే దారి. అప్పటికి పొగ గుమ్మం దాకా వచ్చేసింది. మనుషుల్ని లేపడానికి జోలపాట పాడినదాన్ని దాన్నొక్కదాన్నే చూశాను నేను.

పెద్దలు లేచారా, లేచి ఏం చేశారనుకున్నావ్? చెప్పులు వెతుక్కున్నారు! నేల కొత్తగా పాలిష్ పెట్టారని చెప్పులన్నీ గుమ్మం బయట విప్పించారు. ఆ పొగలో ఒకాయన నా ఎడమది ఏదీ అంటాడు, ఇంకొకాయన ఇది నాది కాదంటాడు. అక్క పాట ఆపకుండానే, "చెప్పులొదలండీ... కమ్మీ పట్టండీ... ప్లీడరు గారూ, ముందు మీరు కదలండీ..." ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి దింపింది. నర్సమ్మ స్వెటరు ఉండ మెట్లన్నీ దొర్లుకుంటూ పోయింది. కిందికి దిగాక వీధివాళ్ళు ఇసక పోశారు, ఎవరో స్తంభం దగ్గర కరెంటు తీసేశారు. బస్తాలు కాలాయి, గోడ నల్లబడింది. మనుషులకి ఏమీ కాలేదు.

ఇప్పుడు విను, అసలు ముచ్చట ఇదీ. మర్నాడు బజారులో కనుక్కుంటే ఒక్కొక్కరిది ఒక్కో కథ. ప్లీడరు గారు తను పొగ వాసన ముందే పసిగట్టి లేచి నిలబడ్డానన్నాడు. ఆధారం మాస్టారు, "మంట నేను చూళ్ళేదు, పొగ మాత్రమే చూశాను" అన్నాడు. డాక్టరు గారు, ఒకరి భయం ఒకరికి అంటుకుంది తప్ప పెద్ద ప్రమాదం లేదన్నాడు. పాస్టరు గారికైతే కళ్ళమ్మట నీళ్ళు. మండే పొద దగ్గర దేవుడు మోషేని చెప్పులు విప్పమన్నట్టే ఇక్కడా మంట, చెప్పులు విప్పమనడం, నాలుక తిరగని మనిషి, ఇంకేం కావాలండీ అన్నాడు. నెల తిరక్కుండా గోడకి సున్నం కొట్టేశారు. ఇప్పుడెళ్ళి తవ్వుకో, ఏ ఆధారం దొరుకుతుంది నీకు? ఒకే గదిలో కూర్చుని, ఒకే మెట్లు దిగిన మనుషులు తెల్లారేసరికి ఒక్క మాట మీద లేరు, ఆ ఫోనులోవాడు వేల ఏళ్ళనాటి మనిషి సంగతి తేలుస్తాడట! అంతెందుకు, అక్క పోయాక సంతాప సభ పెట్టారు. కమిటీ కొత్త కార్యదర్శి లేచి, ఆమెకి నత్తి ఉండేదన్నది గిట్టనివాళ్ళు పుట్టించిన మాట, అంత పెద్ద మనిషికి నత్తేమిటి అన్నాడు. పొగడటమే వాడి ఉద్దేశం. నేను లేచి అబద్ధం అని అరిచాను. నత్తి తీసేస్తే మా అక్క ఎవరు? ఊరికే మాట్లాడినదానికీ, ప్రతి మాటనీ నూతిలోంచి చేదుకుని మాట్లాడినదానికీ తేడా లేదూ? మోషే అయినా అంతే. ఆయన ఉన్నాడా అని నన్నడిగితే, ఉన్నాడంటాను. కథ అల్లేవాడెవడైనా నాయకుడికి సింహం గొంతు పెడతాడు గానీ నత్తి పెడతాడట్రా?

ఆఁ, రీడింగ్ రూము పనా? వస్తున్నా, వస్తున్నా. మంట చల్లారాక కమిటీ మళ్ళీ కూర్చుంది. ఆపదలో పాడింది సరే, రోజూ పాడుతూ పుస్తకాలిస్తుందా అని ఎవరో గొణిగారట. అక్క చీర మార్చుకుని పైకి బయల్దేరింది. నేనూ వెంటపడ్డాను, మాట్లాడేది నేనే కదా ఎప్పుడూ. గుమ్మం దగ్గర ఆగి, నా గుండెల మీద చెయ్యి పెట్టి, వద్దని తలూపింది. అక్కడే నిలబడిపోయాను. లోపలికెళ్ళి బల్ల ముందు నిలబడింది. "నే... నే..." ప్లీడరు గారి నోరు తెరుచుకుంది, వెనకాల నుంచి నర్సమ్మ "ఊఁ!" అంది. ఆయన నోరు మూసుకుంది. ఆధారం మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. ఎవరూ మాట అందించలేదు, ఒక్కళ్ళు కూడా. నాకు నాలుక చివర ఉంది ఆ మాట, పళ్ళ మధ్య నొక్కి పట్టుకున్నాను. ఎంతసేపో తెలీదు. దాని మెడ నరాలు తేలాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా పాట ఎత్తుకోలేదు. మాటే మాట్లాడింది. "నే... నేను... పా... పాడను. ఈ ప... పని నాకు... ఇవ్వండి. మీ... మీరు... ఆగండి."

ప్లీడరు గారు లేచి నిలబడి, "ఆగుతామమ్మా" అన్నాడు.

నేను... గుమ్మంలో... ఊఁ.

నువ్వెళ్ళి ఆ కిటికీ వేసిరా నాన్నా, గాలి కొడుతోంది.